సొరకాయలో చేదు: నాలుక ఇచ్చే హెచ్చరిక

కాకరకు చేదు సహజగుణం. సొరకు అది ప్రమాద సూచన. సొర, దోస వంటి పంటలలో చేదుకు కారణం కుకుర్బిటాసిన్లనే రసాయన సమ్మేళనాలు. ఇవి నాలుకపై రుచికణాలలోని చేదు గ్రాహకాలతో బంధం ఏర్పరచుకోగానే గస్ట్‌డ్యూసిన్ అనే మాంసకృత్తి ఉత్తేజితమై, కణంలో కాల్షియం అయాన్లు విడుదలవుతాయి. ఆ సంకేతం నాడుల ద్వారా మెదడుకు చేరుతుంది. మానవులలో ఇటువంటి గ్రాహకాలు సుమారు 25 రకాలున్నాయి.

తేనె, ఉప్పు, మసాలా చేర్చితే ఈ హెచ్చరిక మరుగుపడుతుందే గాని విషప్రభావం తగ్గదు. వండినా ఈ సమ్మేళనాలు పూర్తిగా నశించవు. చేదు సొరకాయ రసం తాగినవారు మరణించిన సంఘటనలు మన దేశంలో ఉన్నాయి. కావున కోసిన కాయలో చిన్న ముక్కను నాలుకకు తాకించి చూసి, చేదుగా ఉంటే ఉమ్మివేసి, కాయను పారవేయాలి. అటువంటి కాయలు కాచిన తీగ నుండి రైతులు విత్తనం సేకరించరాదు.