పత్రికయను అద్దము

పత్రిక సంఘమునకు అద్దమువంటిదని పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే. కాని అద్దము తనంతట తాను నిలువదు. ఎవరో యొకరు దానిని చేత పట్టుకొనవలెను. పట్టినవారు ఎటు త్రిప్పినచో అటు ఉన్నదే అందు కనబడును. పల్లకిలో కూర్చున్నవాని ముఖము కనబడవచ్చును. దానిని మోయు బోయీల ముఖములు కనబడకపోవచ్చును. అద్దములో ఎన్నడును కనబడనివారు లోకములోనే లేరని చూచువారు క్రమముగా నమ్ముదురు. పత్రికకు గల బలమంతయు ఇందే యున్నది. హైదరాబాదు సంస్థానపు చరిత్రలో దీనికి చక్కని నిదర్శనములు కలవు.

నిజాము పాలనలో ఆ సంస్థానమున తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు మాటలాడు ప్రజలే అధికసంఖ్యాకులు. వారిలో తెలుగువారు అందరికంటె ఎక్కువ. అయినను ప్రభుత్వ వ్యవహారములలో చెల్లు భాష ఉర్దూ. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధనభాష అదియే. ఏలికల భాష నేర్చినవారికి ఉద్యోగములు, గౌరవము లభించుచుండెను. పొలము దున్నువాని భాష ఇంటిలోను, సంతలోను మిగిలిపోయెను.

1921 నవంబరులో హైదరాబాదు నగరమున సంఘసంస్కరణ సభ యొకటి జరిగెను. అందు ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో ప్రసంగింప మొదలిడగనే సభలోని కొందరు ఎగతాళి చేసి ఆయన మాటను సాగనీయరైరి. నవ్వినవారు దుర్మార్గులు కారు. సంఘమును బాగుచేయవలెనని వచ్చినవారే. అయినను తెలుగు సభలో వినదగిన భాష కాదను భావము వారికి తెలియకయే వారి మనస్సులలో నాటుకొనియుండెను. అధికారము ఆజ్ఞలతో మాత్రమే సాగదు. ఇట్టి అలవాట్లతోను సాగును. ఆ అవమానమును సహింపలేని కొందరు తెలుగువారు వెంటనే కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి.

మరుసటి సంవత్సరమే నల్లగొండనుండి నీలగిరి పత్రిక, ఇనుగుర్తియను పల్లెనుండి తెనుగు పత్రిక వెలువడినవి. తెనుగు పత్రికను నడపిన ఒద్దిరాజు సోదరులు తమ గ్రామముననే ముద్రణాలయమును నెలకొల్పిరి. 1926లో సురవరము ప్రతాపరెడ్డి సంపాదకత్వమున హైదరాబాదులో గోలకొండ పత్రిక ఆరంభమైనది. కొంతకాలమునకు, తెలంగాణములో తెలుగు కవులే లేరను మాట యొకటి వినవచ్చెను. ప్రతాపరెడ్డి దానికి కోపముతో బదులు చెప్పలేదు. ఊరూరినుండి కవుల రచనలను, వివరములను తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. ఆ కవులు అంతకుముందును ఉన్నారు. అచ్చులో కనబడలేదు గనుకనే లేరనిపించుకొనిరి.

అయితే ఏలికల అద్దములో కనబడనివారు తమ అద్దమును తాము చేసికొన్నంత మాత్రమున అందరును అందు కనబడుదురా? కనబడరు. నాడు చదువు, ధనము, ముద్రణాలయము పెక్కుచోట్ల అగ్రవర్ణముల చేతిలోనే యుండెను. ఊరి వెలుపల నివసించువారి కష్టము పత్రికలకెక్కుట అరుదు. ఈ కొరతను గుర్తించియే భాగ్యరెడ్డివర్మ 1931లో హైదరాబాదునుండి భాగ్యనగర్ పత్రికను నడపెను. అంతకుముందే, 1920 జనవరి 31వ తేదీన, డాక్టరు అంబేద్కరు బొంబాయిలో మూక్‌నాయక్ అను మరాఠీ పత్రికను ప్రారంభించెను. మూగవారి నాయకుడని ఆ పేరునకు అర్థము. ఆ ప్రజలు పుట్టుకతో మూగవారు కారు. వారి మాటకు పత్రికలలో చోటు లేకుండెను.

పత్రిక నడపుటకు కాగితము, సిరా, యంత్రము, పనివారి జీతము కావలెను. చందాలు చాలనిచో ప్రకటనలిచ్చు వర్తకులపైనను, ప్రభుత్వముపైనను ఆధారపడవలసియుండును. అన్నము పెట్టు చేతిని నొప్పించుటకు ఎవరైనను సంకోచింతురు. అందువలన అసత్యము వ్రాయకయే ఒక పక్షము వహించుట సాధ్యమగును. ఒక పట్టణమున బస్సు కార్మికులు సమ్మె చేసిరనుకొందము. బస్సులు నిలిచి ప్రయాణికులు ఇబ్బందిపడిరని ఒక పత్రిక మొదటి పుటలో వ్రాయును. మూడు నెలలుగా జీతములు లేక కార్మికులు పస్తులున్నారని మరియొక పత్రిక వ్రాయును. రెండును సత్యములే. కాని మొదటిదానిని మాత్రమే నిత్యము చదువువానికి కార్మికుడు దోషిగా తోచును. రెండవదానిని మాత్రమే చదువువానికి ప్రయాణికుని బాధ తెలియకపోవును.

అధికారమునకు నచ్చని సత్యమును వ్రాయుట ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకము. షోయబుల్లాఖాన్ హైదరాబాదున ఇమ్రోజ్ అను ఉర్దూ దినపత్రికకు సంపాదకుడు. సంస్థానము భారతదేశమున విలీనము కావలెనని, రజాకార్ల దౌర్జన్యములు ఆగవలెనని ఆయన నిర్భయముగా వ్రాసెను. బెదరింపులకు లొంగలేదు. 1948 ఆగస్టు 21వ తేదీ రాత్రి కార్యాలయమునుండి ఇంటికి మరలుచుండగా దుండగులు ఆయనపై కాల్పులు జరిపి, చేతిని నరికిరి. ఆ గాయములతో ఆయన మరణించెను. నెల తిరుగకముందే సంస్థానము భారతదేశమున చేరినది. ఏలికల భాషలోనే ఏలికల తప్పును చూపినవాడు ఆ యువకుడు. దోషము భాషది కాదని, దానిని వాడు చేతిదని ఆయన జీవితము చాటుచున్నది.

నేడు పత్రికలతోపాటు రేడియో, టెలివిజను, సెల్‌ఫోను వార్తలను అందించుచున్నవి. అద్దము ప్రతివాని అరచేతిలోనికి వచ్చినది. కాని అందు ఏది ముందు కనబడవలెనో, ఏది మరుగున పడవలెనో నిర్ణయించు చేయి మాత్రము ఎక్కడనో దూరమున నున్నది. కావున వార్తను చదువువారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఈ మాట చెప్పుచున్నది ఎవరు? దీనివలన లాభము పొందువారు ఎవరు? ఇందు వినబడనిది ఎవరి గొంతు? ఈ మూడవ ప్రశ్నయే అన్నిటికంటె కష్టమైనది; ఏలయన దాని సమాధానము పత్రికలో దొరకదు. దానికొరకు చదువరి అద్దమును ప్రక్కన పెట్టి, వీధిలోనికి నడచి, తన కన్నులతో తాను చూడవలెను.