పరిచారకుడు: చికిత్సకు మూడవ పాదం

చరకసంహిత సూత్రస్థానంలో 9వ అధ్యాయానికి ఖుడ్డాకచతుష్పాదమని పేరు. ఖుడ్డాకమంటే చిన్నది. చికిత్స నాలుగు పాదాల మీద నిలుస్తుందని అందులోని ప్రతిపాదన. వైద్యుడు, ఔషధద్రవ్యం, ఉపస్థాత, రోగి అనేవి ఆ నాలుగు. ‘ఉప’ అంటే సమీపం. రోగి సమీపంలో నిలిచి ఉండేవాడు ఉపస్థాత. సుశ్రుతుడు ఇతనినే పరిచారకుడన్నాడు. నేడు మనం నర్సు అంటున్నాము. వైద్యుడే ప్రధానుడని చరకుడు స్పష్టంగానే చెప్పాడు గాని, తక్కిన మూడింటినీ అలంకారమాత్రంగా ఎంచలేదు. మంచానికి ఒక కోడు విరిగితే తక్కిన మూడూ ఎంత బలమైనవైనా దానిపై ఎవరు పడుకుంటారు?

ఉపస్థాతకు నాలుగు గుణాలు విధించబడినవి: ఉపచారజ్ఞత, దాక్ష్యం, అనురాగం, శౌచం. ఈ వరుసను పాఠకులు గమనించాలి. “సేవాభావం ఉంటే చాలు, నర్సుపనికి చదువెందుకు?” అనే మాట భక్తుల నోటనే పలుమార్లు విన్నాను. శాస్త్రం అలా అనలేదు. అనురాగాన్ని మూడవదిగా చెప్పి, తెలివిడిని మొదట నిలిపింది. తెలియని ప్రేమ పడుకున్న రోగి నోట్లో గంజి పోస్తుంది. అది ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. తెలిసిన చేయి ముందు తల ఎత్తి కూర్చోబెట్టి, పిమ్మట చెంచా అందుకుంటుంది.

అదే సూత్రస్థానం 15వ అధ్యాయంలో ఆతురాలయానికి సమకూర్చుకోవలసిన వారి పట్టిక ఉన్నది. పప్పు అన్నం వండేవారు, స్నానం చేయించేవారు, ఒళ్లు పట్టేవారు, రోగిని లేవదీసేవారు, పడుకోబెట్టేవారు, మందు నూరేవారు. ఆపైన పాటలు, కథలు, ఇతిహాసపురాణాలు వినిపించగలవారు కూడా ఉండాలట. (మావంటి పౌరాణికులకు ఆస్పత్రిలో ఉద్యోగమున్నదని ఆ గ్రంథం చదివినప్పుడు నవ్వుకున్నాను.) ఉత్థాపకుడు, సంవేశకుడు అని లేవదీయడానికీ పడుకోబెట్టడానికీ వేర్వేరు పేర్లెందుకో విద్యార్థిదశలో నాకు బోధపడలేదు. వ్యాకరణం చూసుకుని ముందుకు సాగాను.

అది బోధపడినది మా అన్నగారు పక్షవాతంతో మంచాన పడినప్పుడు. ఏఎన్ఎం చదివిన ఒక అమ్మాయి పగటిపూట వచ్చి చూసుకునేది. ఇంటర్మీడియట్ తరువాత 2 ఏండ్ల చదువది. ఆమె రెండు గంటలకొకసారి ఆయనను ప్రక్కకు తిప్పేది. తిప్పిన ప్రతిసారీ నడుము, తుంటి, మడమలు అరచేతితో తడిమేది. ఎందుకమ్మా అని అడిగితే, “పంతులుగారూ, ఎర్రబడ్డచోట వేలితో నొక్కి చూడాలి. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లని ఒంటి మీద ఎరుపు కనబడదు, అందుకే వేడి, గట్టితనం చేత్తో చూస్తాను” అన్నది. నేను నలభై ఏండ్లు పాఠం చెప్పిన రెండు పదాలకు వ్యాఖ్యానం ఆ అమ్మాయి చేతిలో ఉన్నది. అన్నగారికి కడవరకూ ఒంటిమీద పుండు పడలేదు.

శౌచాన్ని గురించి ఒక మాట. మనవాళ్లు ఆ పదం వినగానే మడి అనుకుంటారు. రోగిశయ్య దగ్గర శౌచమంటే ఒక రోగిని ముట్టిన చేతిని కడుగుకోకుండా మరొకరిని ముట్టకపోవడం. మలమూత్రాలెత్తే పని హీనమని ముఖం త్రిప్పుకోవడం శౌచం కాదు. పరిచారకుడు ఏవగింపు లేనివాడై ఉండాలని సుశ్రుతుడు విధించాడు. ఆ పనిచేసే తల్లిని గుమ్మం బయట నిలబెట్టే ఆచారపరులు ఏ గ్రంథాన్ని అనుసరిస్తున్నారో నాకు తెలియదు.

దేవాలయాలకు ఈ విషయం కొత్త కాదు. కాంచీపురం సీమలోని తిరుముక్కూడల్ వేంకటేశ పెరుమాళ్ కోవెల గోడమీద 11వ శతాబ్దినాటి వీరరాజేంద్రచోళుని శాసనమున్నది. అందులో 15 పడకల ఆతురశాల, దానికి వైద్యుడు, శస్త్రచికిత్స చేసేవాడు, వారితోపాటు ఇద్దరు పరిచారికలు, వారందరి భృతి నమోదై ఉన్నాయి. మన గుంటూరు సీమలో 1261నాటి రుద్రమదేవి మల్కాపురం శాసనం విశ్వేశ్వరశంభు శివాచార్యుల మఠానికి అనుబంధంగా ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను పేర్కొన్నది.

ఇప్పటి దాతలు ఆస్పత్రికి మంచమిస్తారు, యంత్రమిస్తారు, గది కట్టిస్తారు. అవి ఔషధద్రవ్యమనే పాదానికి చేరతాయి, మంచిదే. ఉపస్థాత జీతానికో, ఒక పేదపిల్ల నర్సింగు చదువుకో ఇచ్చేవారు అరుదు. చాలీచాలని జీతమిచ్చి, రాత్రంతా ఎక్కువమంది రోగులను ఒక్కరికే అప్పగించి, అనురాగం చూపడం లేదని నిందించడం న్యాయమా? ఈ మాటే ఒక దాతతో అన్నాను. “జీతానికిస్తే నా పేరు ఎక్కడ చెక్కిస్తారు స్వామీ?” అన్నారాయన. తిరుముక్కూడల్ వెళ్లి ఆ గోడ చూసి రమ్మన్నాను.