ఐఎస్‌బీఎన్ లేని పుస్తకాన్ని ఎవరు ఎక్కించాలి?

మహాప్రస్థానం తొలిసారి పుస్తకంగా అచ్చయింది 1950లో. పుస్తకాలను గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది 1970లో. ఆ తర్వాత అచ్చయిన తెలుగు పుస్తకాల్లోనూ చాలావాటికి ఆ నంబరు లేదు. శాఖా గ్రంథాలయంలోనో, బడి లైబ్రరీలోనో పనిచేస్తూ, అక్కడున్న పుస్తకాల వివరాలన్నీ ఆన్‌లైన్‌లోకి ఎక్కిద్దామని కూర్చున్నవాళ్లకు మొదటిరోజే తగిలే ఇబ్బంది ఇది. కొత్త పుస్తకమైతే బార్‌కోడ్‌కు ఫోను చూపిస్తే వివరాలు వచ్చేస్తాయి. పాతదాన్ని మనిషే కూర్చుని ఎక్కించాలి. ఆ పనికి మీరొక్కరే చాలరు, చదువరులు తోడు రావాలి.

ఎక్కడ ఎక్కించాలన్నది పెద్ద చిక్కేమీ కాదు. పుస్తకాల వివరాలు ఎక్కించుకునే సైట్లు ఇప్పటికే ఉన్నాయి. 2005లో మొదలైన లైబ్రరీథింగ్‌లో 200 పుస్తకాలు దాటితే డబ్బు కట్టాలన్న నిబంధనను 2020లో ఎత్తేశారు. గుడ్‌రీడ్స్‌లో వివరాలు దిద్దాలంటే ‘లైబ్రేరియన్’ హోదాకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి ఓపెన్ లైబ్రరీలో ఖాతా తెరిస్తే చాలు. చేసిన ప్రతి మార్పూ నమోదవుతుంది కాబట్టి తప్పు పడినా వెనక్కి తిప్పుకోవచ్చు. కొత్తవాళ్లతో మొదలుపెట్టేటప్పుడు నా ఓటు దీనికే.

అసలు పని మనుషులతోనే. ‘అందరూ సహకరించగలరు’ అని గోడకు కాగితం అంటిస్తే ఎవరూ కదలరు. ఒక్కొక్కరికీ ఒక్కో పని అప్పజెప్పండి. ఇంటర్ చదివే కుర్రాడికి పది పుస్తకాలిచ్చి అట్ట, టైటిల్ పేజీ, ముద్రణ వివరాల పేజీ ఫొటోలు తీయమనండి. ‘ప్రథమ ముద్రణ’, ‘వెల’, ‘ప్రతులకు’ అని ఉండే ఆ పేజీ ఎంత విలువైనదో అతనికి చూపించండి. రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైర్డ్ మాస్టారి పక్కన కూర్చుని, “మాస్టారూ, ఈ రచయిత అసలు పేరేంటండీ?” అని అడగండి. బీనాదేవి అన్నది భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టుకున్న కలం పేరని ఏ బార్‌కోడూ చెప్పదు. ఆయన చెబుతారు. ఇలాంటి జ్ఞాపకాలు ఆ తరంతో పోకముందే అందుకోవాలన్నది నా ఆరాటం.

కొన్ని జాగ్రత్తలు ముందే చెప్పండి. పేరు తెలుగు లిపిలోనే రాయాలి, ఇంగ్లిషు అక్షరాల్లో రాసింది అదనపు పేరుగా చేర్చాలి. ఎక్కించే ముందు రెండు లిపుల్లోనూ వెతకాలి, లేకపోతే ఒకే పుస్తకం మూడు చోట్ల తేలుతుంది. పునర్ముద్రణను కొత్త రచనగా కాక, పాత రచన కిందే మరో ముద్రణగా చేర్చాలి. పరిచయ వాక్యాలు ఎక్కడినుంచీ ఎత్తి పెట్టకూడదు, చదివినవాళ్లే రెండు మాటలు రాయాలి.

తప్పు దొరికితే చాటుగా దిద్దేయకండి. ఆ మనిషిని పిలిచి, పుస్తకం ముందుపెట్టుకుని ఇద్దరూ కలిసి దిద్దండి. చెప్పకుండా చెరిపేస్తే రెండోసారి రారు. మొదటి వారానికి ఐదు పుస్తకాలు చాలు. అవి ఎక్కగానే మీ అక్సెషన్ రిజిస్టరులో ఆ పుస్తకాల ఎదురుగా, ఎక్కించినవాళ్ల పేరు వాళ్లచేతే రాయించండి.