1:160 అంటే ఏమిటి?

నిరుడు వరికోతల రోజుల్లో మా నాన్నకు జ్వరం పట్టుకుంది. నాలుగోనాడు రక్తపరీక్ష చేయించాం. కాగితం మీద 'వైడాల్: ఓ 1:80, హెచ్ 1:160' అని ఉంది. టైఫాయిడ్ అన్నారు. కూలీలకని దాచిన డబ్బు మందులకు పోయింది. "ఏరా, సైన్సు చదువుతున్నావుగా, ఈ అంకెలేమిటి?" అని నాన్న అడిగితే నేను నోరు మెదపలేకపోయాను.

టైఫాయిడ్ క్రిమి ఒంట్లో ప్రవేశిస్తే దాన్ని ఎదుర్కోవడానికి రక్తంలో ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, తయారవుతాయి. రోగి సీరంలో ఆ క్రిములను కలిపితే అవి గుంపులు కడతాయి. దీన్ని రోగనిర్ధారణకు వాడవచ్చునని 1896లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు వైడాల్ చూపించాడు. పరీక్షలో సీరంను సెలైన్‌తో 20 వంతులకు, 40కి, 80కి, 160కి, అలా రెట్టింపు చేస్తూ పలచన చేస్తారు. ప్రతి గొట్టంలోనూ చంపిన క్రిముల ద్రవం పోస్తారు. గుంపులు కనిపించిన ఆఖరి గొట్టం అంకే టైటర్. మజ్జిగలో నీళ్ళు పోస్తూ పోతే ఎన్ని చెంబుల దాకా పులుపు తెలిస్తే అంత పులిసిన మజ్జిగ అన్నట్టే ఇదీను.

అసలు సంగతేమిటంటే, ఈ అంకె కొలిచేది ప్రతిరక్షకాలనే గాని క్రిములను కాదు. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్ వల్లా, టీకా వల్లా అవి ఉండిపోవచ్చు. 'హెచ్' రకం మరీ ఎక్కువకాలం నిలుస్తుంది. టైఫాయిడ్ తరచుగా వచ్చే మనలాంటి చోట ఆరోగ్యవంతుల్లోనూ కొంత టైటర్ కనిపిస్తుంది. ఇంకోవైపు, జబ్బు నిజంగా ఉన్నా మొదటి వారంలో అంకె పెరగకపోవచ్చు! అందుకే వారం పదిరోజుల తేడాతో రెండుసార్లు రక్తం తీసి, టైటర్ నాలుగురెట్లు, అంటే 40 నుంచి 160కి, పెరిగిందేమో చూడాలంటారు. యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీసి కల్చర్‌లో క్రిమినే పెంచి చూడడం ఇంతకంటె నమ్మకమైన పద్ధతి. దానికి రోజులు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. పైగా క్రిమి ఉన్నా ఒక్కోసారి దొరకదు.

మా ఊళ్ళో కొందరు జ్వరం తగ్గాక కూడా వైడాల్ చేయించి, అంకె తగ్గలేదని మళ్ళీ మందులు మింగుతారు. అది దండగ.

సంక్రాంతి సెలవుల్లో ఇదంతా నాన్నకు చెప్పాను. "అయితే నాకొచ్చింది టైఫాయిడ్ కాదంటావా?" అన్నాడు.

"ఆ ఒక్క కాగితంతో చెప్పలేం నాన్నా. రెండోసారి రక్తం తీయలేదుగా" అన్నాను.