చుట్ట త్రాగువానికి కరోనా సోకదా?

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలినప్పుడు, పొగ త్రాగువారికి అది సోకదను మాట యొకటి దేశదేశములయందు వ్యాపించెను. రచ్చబండలయొద్ద ఈ మాట మాకు నేటికిని వినవచ్చుచున్నది. పొగాకు పండించు రైతునకు ఇది చెవికింపైన మాటయే. పొగాకు పంటను మానుడని మేమిచట చెప్పుటలేదు. అది వేరు లెక్క. ఈ మాటలోని నిజమెంతయో మాత్రము విచారింతము.

ఇది యూరక పుట్టలేదు. పారిసునగరమందలి యొక పెద్ద ఆసుపత్రి వైద్యులు 2020 ఏప్రిలులో తమ కరోనా రోగులను లెక్కించి, వారిలో నిత్యము పొగ త్రాగువారు జనసామాన్యములో కంటె మిక్కిలి తక్కువగా నుండుట గమనించిరి. పొగాకులోని నికోటిన్ రక్షణ యొసగుచున్నదేమో యని యూహించిరి. జనులు నికోటిన్ పట్టీలకై యెగబడుదురని ఆ ప్రభుత్వము వాని యమ్మకమునకు పరిమితి విధించెను. ఆ పట్టీలనే పిమ్మట ప్రాణాపాయస్థితిలోనున్న రోగులకు వేసి పరీక్షింపగా మరణములు తగ్గలేదు.

లెక్కలో లోపమెక్కడ? మేము చేనిలో తెగులును అంచనా వేయునప్పుడు గట్టున నిలిచి దరినున్న నాలుగు దుబ్బులను మాత్రమే చూచి పోము. మడి నడుమకు దిగుదుము. ఆసుపత్రికి వచ్చినవారు దరినున్న దుబ్బులవంటివారు. అదియుగాక, పదిదినములుగా దగ్గుచే చుట్ట ముట్టని రోగి తాను మానితిననును. పుస్తకములో మానినవానిగానే వ్రాయబడును. ఊపిరాడనివానిని అడుగకయే యుండుటయు కద్దు.

మడి నడుమకు దిగి చేసిన లెక్క వేరుగా నున్నది. బ్రిటనులో, వ్యాధి రాకమునుపే అలవాట్లు వ్రాసియుంచబడిన 4 లక్షల 21 వేలకు పైబడిన జనులను పరిశీలింపగా, ఎన్నడును పొగ త్రాగనివారికంటె త్రాగువారు ఆసుపత్రిపాలగుట నూటికి 80 వంతులు హెచ్చుగా నుండెను. మరణములును వారిలో హెచ్చే. ఆ ఫలితములు 2021లో వెలువడినవి. ఆ యేడే, పొగ త్రాగువారికి వ్యాధి తక్కువయని వ్రాసిన వ్యాసమొకదానిని ఐరోపా వైద్యపత్రిక యొకటి ఉపసంహరించుకొనెను. వ్రాసినవారిలో ఇద్దరు పొగాకు వర్తకముతో తమకుగల సంబంధమును తెలుపకుండుటయే కారణము. అమ్మువాని తక్కెడను ఒకమారు సరిచూచుట మనకు క్రొత్తగాదు గదా!

సోకుట విషయమున లెక్కలు భిన్నముగా నున్నవి. సోకిన పిమ్మట ముదురుట విషయమున సందేహము లేదు.

శ్వాసనాళముల లోపలి గోడలనిండ కంటికి కానరాని రోమములు కలవు. గాలికి వరిచేను అలలాడునట్లు అవి యెడతెగక కదలుచు, లోనబడిన దుమ్మును క్రిములను కఫముతోగూడ పైకి నెట్టుచుండును. పొగ వానిని మొద్దుబార్చి, క్రమముగా నశింపజేయును. పూడిన కాలువలో నీరువలె కఫము నిలిచిపోవును. తెల్లవారుజామున చుట్టదారులకు వచ్చు దగ్గు ఇట్టిదే. మరియు పొగలోని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు, ఆక్సిజనుకంటె 200 రెట్లకు మించిన పట్టుతో రక్తమునంటును. కరోనా ముదిరినవానికి కొరతయగునది ఆక్సిజనే. 2021 వేసవిలో దానికై జనులు పడిన పాట్లు ఎల్లరెరుగుదురు.

బీడీ తేలికయనుట భ్రమ. ఆరిపోకుండుటకై దానిని మరింత గట్టిగా, మాటిమాటికి పీల్చవలసియుండును. ఒకే చుట్టను పలువురు పంచుకొనిన ఉమ్మితోగూడ వ్యాధియు పంచుకొనినట్లే. శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములలో నిప్పుకొనను నోటిలోనుంచుకొని అడ్డపొగ త్రాగు అవ్వలును పొగ త్రాగువారే, వైద్యుడడిగినప్పుడు దాచరాదు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించినను ఆ క్రిమి లోకమును విడిచిపోలేదు. మానదలచినవారు తడయనక్కరలేదు. ఒకటి రెండు దినములలోనే రక్తములోని ఆ విషవాయువు తగ్గిపోవును. రోమములు కోలుకొనుటకు కొన్ని నెలలు పట్టును. మొదటి వారములలో దగ్గు హెచ్చినట్లు తోచవచ్చును. నిలిచిన కఫము కదలుటచే నట్లగును గనుక, బెదరి మరల అంటింపకుడు. 1800 112 356 అను సంఖ్యకు ఫోను చేసినచో, ప్రభుత్వమువారి సలహాదారులు రుసుము లేకయే తోడ్పడుదురు.