ఆలోచించే పని ఎవరిది?

చి. సంధ్యకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. 2024 డీఎస్సీలో ఎస్జీటీగా ఎంపికై ఊరి బడిలో చేరినప్పటి నుంచి శిక్షణ మీద శిక్షణ, యాప్ మీద యాప్ వచ్చిపడుతున్నాయని, ఇప్పుడు కృత్రిమ మేధ పాఠాల మాట కూడా వినిపిస్తోందని రాశావు. వీటిలో దేన్ని మనసుపెట్టి చేయాలో, దేన్ని మొక్కుబడిగా ముగించాలో తేల్చుకోలేకపోతున్నానన్నావు. ఇంజినీరింగ్ చదివే తమ్ముడు అసైన్‌మెంట్లన్నీ చాట్‌జీపీటీ చేత రాయిస్తున్నాడన్న దిగులు కూడా నీ మాటల్లో కనిపించింది. చూడటానికి ఇవి వేర్వేరు చిక్కులే గానీ రెండింటికీ ఒకే ప్రశ్న సరిపోతుంది బిడ్డా. చదువు పేరుతో ఏ కొత్త వస్తువు వచ్చినా, ఏ కొత్త పద్ధతి వచ్చినా ముందు ఇది అడుగు: దీనివల్ల నేర్చుకునేవాళ్ల బుర్రకు పని పెరుగుతోందా, తగ్గుతోందా? పెరిగితే దగ్గర పెట్టుకో. తగ్గితే మాత్రం అది ఎంత ఖరీదైనదైనా, ఎంత పెద్దవాళ్లు మెచ్చుకున్నదైనా అనుమానించు. ఎందుకంటున్నానో చెబుతాను.

కొత్తొక వింత, పాతొక రోత అన్న మాట విద్యారంగానికి సరిగ్గా సరిపోతుంది. 1913లోనే థామస్ ఎడిసన్, సినిమాలు వచ్చేశాయి కాబట్టి బడుల్లో పుస్తకాలకు త్వరలోనే కాలం చెల్లుతుందన్నాడు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ‘సైట్’ ప్రయోగం కింద అమెరికా ఉపగ్రహం సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు ప్రసారం చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ వాటిలో ఉన్నాయి. బడిపిల్లల కోసం తెలుగులోనూ పాఠాలు వచ్చాయి. 2012 ప్రాంతంలో ప్రపంచ ప్రఖ్యాత విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్ కోర్సులు తెరిచినప్పుడు, ఇక కాలేజీల పని అయిపోయిందన్నారు. ఇవేవీ పనికిరానివని నేననను. కానీ ఏదీ చెప్పినంత మార్పు తేలేదు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. యంత్రం పాఠాన్ని పిల్లల ముందు దాకా తెచ్చిపెట్టగలదు. నేర్చుకోవడమన్నది ఆ తర్వాత మొదలవుతుంది, అది పిల్లల లోపల జరగాలి.

ఈ సంగతి రుజువు కావడానికి రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూడు. పెరూ దేశంలో ‘పిల్లకో ల్యాప్‌టాప్’ పథకం ఎంత మేలు చేసిందో తేల్చడానికి 300కు పైగా గ్రామీణ ప్రాథమిక బడులను పరిశీలించి, 2012లో ఫలితాలు ప్రకటించారు. ఆ బడుల్లో పిల్లకు ఒక కంప్యూటర్ కంటే ఎక్కువే ఉన్నాయి. 15 నెలలు గడిచాక కొన్ని సాధారణ ఆలోచనా నైపుణ్యాల్లో కాస్త మెరుగు కనిపించింది గానీ, గణితంలో, భాషలో మార్పేమీ లేదు. ఇక రెండోది ఢిల్లీలో జరిగింది. కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకులు 600 మందికి పైగా బడిపిల్లల్లో లాటరీ తీసి, కొందరికి బడి వేళల తర్వాత కంప్యూటర్ మీద పాఠాలు చెప్పించారు. నాలుగున్నర నెలల్లోనే వాళ్లు గణితంలోనూ హిందీలోనూ సాధించిన ప్రగతి మిగతావాళ్ల ప్రగతికి రెండింతలు, అంతకు మించి ఉంది. రెండుచోట్లా ఉన్నది కంప్యూటరే, మరి తేడా ఎక్కడ వచ్చింది? ఢిల్లీలో ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని మొదటి పరీక్షలోనే తేలింది. ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కరి స్థాయిని కనిపెట్టి, అక్కడి నుంచి ప్రశ్నలు అడిగింది. తప్పు చేస్తే ఆ తప్పుకు తగిన ఇంకో ప్రశ్న వేసింది. పైగా సగం సమయం చిన్న గుంపులుగా కూర్చోబెట్టి ఒక మనిషి కూడా చదివించారు. పెరూలో పిల్లల చేతికి వస్తువు దొరికింది. ఢిల్లీలో వాళ్ల బుర్రకు, అది మోయగలిగినంత పని దొరికింది.

ఇప్పుడు అందరూ మాట్లాడుతున్న కృత్రిమ మేధ దగ్గరికి వద్దాం. తుర్కియేలో ఒక ఉన్నత పాఠశాలలో సుమారు వెయ్యి మంది విద్యార్థులతో జరిపిన ప్రయోగం నీకూ తమ్ముడికీ ఇద్దరికీ పనికొస్తుంది. గణితం అభ్యాసం చేసేటప్పుడు కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. కొందరికి, జవాబు చెప్పేయకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా ఉపాధ్యాయుల సాయంతో తయారుచేసిన చాట్‌బాట్ ఇచ్చారు. మిగిలినవాళ్లకు పుస్తకం, నోట్సు మాత్రమే. అభ్యాసంలో మొదటి గుంపు పుస్తకం పిల్లల కంటే 48 శాతం, రెండో గుంపు 127 శాతం మెరుగ్గా చేశారు. ఆ తర్వాత చాట్‌బాట్ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లకు పుస్తకం పిల్లల కంటే 17 శాతం తక్కువ మార్కులు వచ్చాయి. సూచనల చాట్‌బాట్ వాడినవాళ్లు నష్టపోలేదు గానీ, పెద్దగా లాభపడిందీ లేదు. యంత్రం ఒకటే. జవాబు చేతికిస్తే బుర్ర పని మానేసింది, సూచన ఇచ్చి ఊరుకుంటే పని మానలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, నష్టపోయిన పిల్లలకు తాము నష్టపోయామన్న స్పృహే లేదు.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే టీచర్లూ పిల్లలూ తల్లిదండ్రులూ అందరూ మోసపోయేది ఇక్కడే. నేర్చుకున్నామన్న భావన వేరు, నేర్చుకోవడం వేరు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పాఠాన్ని కొందరు విద్యార్థుల చేత మళ్లీ మళ్లీ చదివించారు. ఇంకొందరి చేత ఒక్కసారి చదివించి, పుస్తకం మూయించి, గుర్తున్నదంతా మళ్లీ మళ్లీ రాయించారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే చదువుతూ పోయినవాళ్లే మెరుగు. వారం తర్వాత లెక్క తిరగబడింది: చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. 2019లో హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర విద్యార్థుల మీద జరిపిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. చక్కని ఉపన్యాసం విన్నవాళ్లు బాగా అర్థమైందన్నారు. తామే కుస్తీపట్టి లెక్కలు చేసినవాళ్లు తమకు తక్కువ వచ్చిందనుకున్నారు. పరీక్షలో మార్కులు మాత్రం వాళ్లకే ఎక్కువ వచ్చాయి. కాబట్టి తరగతిలోని డిజిటల్ ప్యానల్ మీద వీడియో నడుస్తుంటే తరగతి కళ్లార్పకుండా చూస్తోందని పొంగిపోకు. వీడియో ఆపి, ఇప్పుడు చూసింది పలక మీద రాయమన్నప్పుడు ఎవరేం రాశారన్నదే నీకు లెక్క.

దీనికి మూడు అభ్యంతరాలు వస్తాయి. వాటిని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. మొదటిది న్యాయానికి సంబంధించింది. ఫీజులు కట్టగలిగినవాళ్ల పిల్లలు ఏఐ నేర్చుకుంటుంటే సర్కారు బడి పిల్లల్ని పలకా బలపం దగ్గరే ఆపుతామా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ గ్రామీణ పిల్లల చదువు మీద జరిగిన 2024 అసర్ సర్వే ఏం చెబుతోందో చూడు. గ్రామాల్లో 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో అంతకుముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి దాన్ని వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. అంటే ఫోను వాడకం బడి నేర్పకుండానే వచ్చేసింది. అదే సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. పేద పిల్లల్ని వెనక్కి లాగుతున్న అగాధం అసలు ఇది. చదవడం రాని పిల్లకు ఎంత గొప్ప ఏఐ ఇచ్చినా, అది చూపించిన బొమ్మ చూడటానికీ, చెప్పింది వినడానికీ తప్ప ప్రశ్నించడానికి పనికిరాదు.

రెండో అభ్యంతరం మీ తమ్ముడు తప్పకుండా లేవనెత్తుతాడు: యంత్రమే అన్నీ చేసిపెడుతుంటే ఇవన్నీ నేను బుర్రలోకి ఎక్కించుకోవడం దేనికి? జవాబు తుర్కియే ప్రయోగంలోనే ఉంది. ఆ లెక్కలకు అప్పటి మామూలు చాట్‌బాట్ సుమారు సగం సార్లు మాత్రమే సరైన జవాబిచ్చింది. ఇప్పటివి మెరుగయ్యాయి, ఇంకా అవుతాయి. కానీ ఎంత మెరుగైనా తప్పును కూడా ఒప్పంత ధీమాగానే చెబుతాయి. ఆ తప్పు పట్టుకోవాలంటే విషయం తెలిసిన బుర్ర కావాలి. కోడ్ రాయడం యంత్రానికి వచ్చేసిన రోజుల్లో, రాసిన కోడ్‌లో లోపం ఎక్కడుందో చెప్పగలిగినవాడికే ఉద్యోగంలో విలువ. అసైన్‌మెంట్ యంత్రానికి అప్పగిస్తే మార్కులు తనకు, అభ్యాసం దానికి. ఆన్‌లైన్ కోర్సుల అనుభవమూ ఇదే చెబుతుంది. హార్వర్డ్, ఎంఐటీల ఉచిత కోర్సుల్లో చేరినవాళ్లలో 2017–18లో పూర్తిచేసినవాళ్లు సుమారు 3 శాతమే. ఎన్‌పీటెల్, స్వయం వేదికల పుణ్యమా అని మనవాళ్లకూ ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఇంట్లోనే దొరుకుతున్నాయి. పాఠం దొరకడం ఇప్పుడు కష్టం కాదు, దానితో కూర్చుని కుస్తీపట్టడమే కష్టం. అందుకే వాణ్ణి చాట్‌జీపీటీ మానేయమని పోరుపెట్టకు. ముందు సొంతంగా ఒక జవాబు రాసి, ఆ తర్వాత అందులో తప్పులు వెతకమని దాన్ని అడగమను. అది పట్టిన తప్పులు నిజంగా తప్పులేనా అని మళ్లీ తనే సరిచూసుకోమను.

మూడో అభ్యంతరం, ఇదంతా పాత బట్టీ చదువును దొడ్డిదారిన వెనక్కి తేవడమేనని. అలా అనేవాళ్లు నేనడిగిన ప్రశ్నను సరిగ్గా వినలేదు. గైడులోని జవాబులు నోట్సులోకి ఎక్కించేటప్పుడు పిల్లల బుర్రకు ఏం పని ఉంది? ఎక్కాలు పాటలా అప్పజెప్పి, 7 రూపాయల పెన్నులు 8 కొంటే ఎంతవుతుందో చెప్పలేకపోతే అందులో ఆలోచన ఎక్కడుంది? ఆ ప్రశ్న ముందు యాప్ ఎలా నిలబడాలో బట్టీ కూడా అలాగే నిలబడాలి, రెండింటిలో ఏదీ పాతదని పాస్ కాదు, కొత్తదని ఫెయిల్ కాదు. 2014లో ఉన్నత విద్యలో సైన్స్, ఇంజినీరింగ్, గణిత తరగతుల మీద 225 అధ్యయనాలను కలిపి చూస్తే, ఉపన్యాసం వింటూ కూర్చునే తరగతుల్లో సుమారు 34 శాతం మంది తప్పారు. విద్యార్థుల చేత ఆలోచింపజేసే, చర్చింపజేసే తరగతుల్లో తప్పినవాళ్లు సుమారు 22 శాతమే. ఉపన్యాసం ఎంతో పాత పద్ధతి, అయినా ఓడిపోయింది.

ఈ లెక్కన మన కాలపు అసలైన కొత్తదనం మెరిసే తెరల్లో కంటే చాలా నిరాడంబరమైన చోట ఉందని నాకనిపిస్తుంది. తరగతిని బట్టి కాకుండా, ఎవరికి ఎంతవరకు వచ్చో చూసి గుంపులు చేసి చదివించే పద్ధతిని ‘ప్రథమ్’ సంస్థ మన దేశంలో ఏళ్ల తరబడి సానబట్టింది. దాని ఫలితాలను కొలిచిన అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లోలకు 2019లో మైకేల్ క్రెమర్‌తో పాటు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానాలకు పెద్దపీట వేసింది. అదే లక్ష్యంతో 2021లో నిపుణ్ భారత్ పథకం మొదలైంది, 2022లో మన తెలంగాణలో తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది. ఇందాక అసర్ సర్వేలో చూసిన 23.4 శాతం తక్కువే, కాదనను. కానీ అది 2022లో 16.3, కరోనాకు ముందు 2018లో 20.9. పడిపోయిన చోటి నుంచి లేచి, పాత మట్టాన్ని దాటాం. ఇందులో ఎంత వాటా ఏ పథకానిదో విడదీసి చెప్పడం కష్టమే గానీ, దేశం చూపు మొదటి మెట్టు మీద పడ్డాకే ఈ కదలిక వచ్చింది.

అందుకని నీకు చెప్పేది ఇది. నీకు సమయం ఎంత తక్కువో తెలుసు. హాజరు, భోజనం లెక్కలు, ఫొటోల అప్‌లోడ్లు, రెండు మూడు తరగతులు ఒకే గదిలో. అన్నీ ఒకేసారి మార్చాలనుకోకు. నెల మొదట్లో ఒక్కో పిల్లను విడిగా పిలిచి అక్షరం, పదం, వాక్యం, చిన్న కథ చదివించు. ఎవరు ఎక్కడ ఆగారో ఒక పుస్తకంలో రాసుకో. రోజుకు ఒక గంట ఆ గుంపుల ప్రకారమే చెప్పు. ప్రతి పాఠం చివర అయిదు నిమిషాలు పుస్తకాలు మూయించి, గుర్తున్నది రాయించు. మీ బడికి ఏఐ పాఠాలు వస్తే భయపడకు, మురిసిపోకు. కొన్ని వారాలు వాడి, నీ పుస్తకంలో పేర్లు ఒక మెట్టు పైకి కదిలాయేమో చూడు. కదిలితే ఇంకో గంట ఇవ్వు. కదలకపోతే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఆ పుస్తకం పట్టుకుని, ఇన్ని వారాలు వాడాం, ఇంతమందే కదిలారని నెమ్మదిగా చెప్పు. కొత్తగా చేరిన టీచరు మాటను పెద్దలు కొట్టిపారేయవచ్చు. పేర్లతో, తేదీలతో ఉన్న లెక్కను కొట్టిపారేయడం అంత సులువు కాదు. పై నుంచి వచ్చే ప్రతి కొత్త పద్ధతినీ పరీక్షించే అధికారం నీకు ఎవరూ రాసివ్వరు. ఆ పుస్తకం ఉంటే చాలు, ఆ అధికారం నీ దగ్గరున్నట్టే.

తమ్ముడికి కూడా ఈ ఉత్తరం చూపించు. నువ్వు సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడు మీ తరగతి లెక్కలు నాకు చూపిద్దువుగాని.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న