ఒక్కసారి వాడి పారవేయు థర్మాకోల్ మంచుపెట్టెలు

గత సార్వాలో, నారుమళ్లు పోసిన పదిరోజులకు, డెల్టాలోని ఒక శివారు గ్రామమునుండి మాకు కబురు వచ్చినది. మడులలో నీరు నిలిచినదనియు, మూడు రోజులైనను తీయుట లేదనియు అక్కడి రైతులు తెలిపిరి. వెళ్లి చూచితిని. కురిసిన వాన అంత పెద్దది కాదు. మురుగు బోదె రోడ్డు క్రిందుగా పోవు తూము నోటివద్ద మాత్రము నీరు ఎగదన్ని యున్నది. లస్కరు, ఇద్దరు రైతులు నడుములోతు నీటిలో దిగి గుర్రపుడెక్కను లాగుచున్నారు. డెక్కతోబాటు తెల్లని పెట్టెలు, మూతలు, విరిగిన ముక్కలు బయటపడినవి. గట్టుమీద వేయగా బండెడు కుప్ప అయినది. అవి చేపలకు మంచువేసి పంపు థర్మాకోల్ పెట్టెలు.

తూము తెరపి యిచ్చిన తరువాత నీరు తీయసాగినది గాని, పల్లపు మడులలోని నారు అప్పటికే కుళ్లినది. ఒక రైతు నాతో, “వానకి పోయిందంటే సరే అనుకుంటామండీ. ఎవరో పారేసిన డబ్బాలకి పోయింది” అనెను.

గుర్రపుడెక్క మన కాలువలకు కొత్త కాదు. కాని వట్టి డెక్క నీటితోబాటు ఎంతోకొంత జారిపోవును. పెట్టె మూత ఒకటి తూము నోటికి అడ్డుపడినచో, డెక్క దానికి చుట్టుకొని గోడవలె పేరుకొనును. కనుక ఈ పెట్టెలు ఎక్కడినుండి వచ్చుచున్నవి, వీనిని మాన్పించుటకు వీలున్నదా, మాన్పించినచో చేపల రైతు దేనిలో సరుకు పంపుకొనవలెను అను సంగతులు ఆలోచింపవలసి యున్నది.

థర్మాకోల్ అనునది పాలిస్టైరీన్ అను ఒక ప్లాస్టిక్కు. దానిని చిన్నచిన్న పూసలుగా చేసి, ఆవిరి పట్టించి ఉబ్బించి, అచ్చులో అదిమెదరు. వడ్లు వేగి పేలాలైనట్లు పూస ఉబ్బును. పెట్టె గోడలో నూటికి 95 పాళ్లకు పైగా ఉండునది గాలియే. ఆ గాలి కదలక పూసలలో బందీగా ఉండుటచేతనే బయటి వేడి లోనికి తొందరగా పోదు. పైగా ధర తక్కువ, బరువు లేదు, నీరు పీల్చదు. ఇన్ని సుగుణములు ఉన్నవి గనుకనే అది ఇంతగా వ్యాపించినది. దీనిని కాదనుట న్యాయము కాదు.

అయితే, ఒక్క రాత్రి ప్రయాణము ముగిసిన మరుక్షణమునుండి ఆ సుగుణములే చేటగుచున్నవి. బరువు లేదు గనుక గాలికి దొర్లి కాలువలో పడును. మునగదు గనుక నీటివెంట తూమువరకు వచ్చును. కుళ్లదు గనుక వచ్చే ఏటికిని అక్కడనే యుండును. పాత సామాను కొనువాడు కూడ దీనిని ముట్టడు. బండి నిండ నింపినను తూకమునకు కొద్ది కిలోలే వచ్చును. బాడుగ కూడ గిట్టదు.

పొలములో చేరిన ముక్క దమ్ములో కేజివీలు క్రిందపడి పూసలుగా విడిపోవును. గాలి వాలునకు ఆ పూసలన్నియు మడి మూలకు చేరి తెల్లగా తేలుట మీలో అనేకులు చూచియే యుందురు. ఇచ్చట ఒక మాట చెప్పవలెను. ఈ పూస పైరుకు విషము కాదు. కుండీలలో మట్టి గుల్లగా నుండుటకు కొన్ని నర్సరీలవారు దీనిని కలుపుట కూడ కలదు. కనుక థర్మాకోల్ వలన ఎకరమునకు ఇన్ని బస్తాలు తగ్గునని ఎవరైన అంకె చెప్పినచో నమ్మవలదు. నష్టము మురుగు పారుదలలో నున్నది, నోరున్న జీవములలో నున్నది. చేప వాసన, ఉప్పదనము పట్టిన పెట్టెను పశువులు నాకి కొరుకును. కోతలైన మళ్లలో తోలిన బాతులకు పూసకును గింజకును భేదమేమి తెలియును?

పొలము దాటిన పూస అక్కడితో ఆగదు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకను ఎన్నియో మురుగు కాలువలు కొల్లేటిలో కలియును. కొల్లేటినుండి ఉప్పుటేరు గుండ నీరు సముద్రమునకు పోవును. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కిన సరస్సు అది. ఆటపాక వద్ద గూడబాతులు పిల్లలను పెంచునదియు ఆ నీటి చేపలతోనే. ఆ చేపలను మనమును తినుచున్నాము.

నాడు గట్టుమీది కుప్పకు నిప్పు పెట్టుదమని ఒకరు అగ్గిపెట్టె తీసిరి. వలదంటిని. థర్మాకోల్ కాలినచో దట్టమైన నల్లని పొగ, మసి వచ్చును. ఆ పొగలో స్టైరీన్ అను పదార్థముండును. అది మనుష్యులకు క్యాన్సరు కలిగించు అవకాశము గలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 2018లో నిర్ణయించినది.

ఇక చట్టము సంగతి. మన దేశములో 2021 ఆగస్టులో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారము, 2022 జూలై 1 నుండి కొన్ని వస్తువుల తయారీ, అమ్మకము, వాడకము నిషిద్ధము. అలంకరణకు వాడు థర్మాకోల్, ఒక్కసారి వాడు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మొదలగునవి ఆ జాబితాలో కలవు. మంచుపెట్టె పేరు అందులో లేదు. పెండ్లి పందిరిలోని థర్మాకోల్ హంస నిషిద్ధమైనది. చేపల పెట్టె మిగిలిపోయినది. ఇతర దేశములును ఇట్లే ఆహార పాత్రలతోనే మొదలిడినవి. ఐరోపా సమాజ దేశములు 2021 జూలై 3 నుండి థర్మాకోల్ ఆహార పాత్రలను మాన్పించినవి. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రము 2022లో ఆహార పాత్రలను నిషేధించి, 2026 జనవరి 1 నుండి థర్మాకోల్ శీతల పెట్టెల అమ్మకమును కూడ నిషేధించినది. కనుక ఇది జరుగని పని కాదు.

మన పెట్టెను కూడ జాబితాలో చేర్చవలెనని నా అభిప్రాయము. కాని రేపటినుండియే అనుట సరికాదు. చెరువు పట్టిన నాడు సరుకు ఆగదు. రాత్రి పట్టిన చేప తెల్లవారు సరికి సంతకు చేరవలెను. పెట్టె లేకున్న నష్టపడునది చిన్న చెరువుల రైతే. లారీల కొలది పంపువారు ఇప్పటికే గట్టి ప్లాస్టిక్ ట్రేలను మరల మరల వాడుచున్నారు. చిల్లరగాను, బస్సుల మీదను, రైలు పార్సెలులోను పంపువారికే థర్మాకోల్ దిక్కగుచున్నది. కనుక బదులు పెట్టె చేతికి వచ్చిన పిమ్మటనే నిషేధము రావలెను.

బదులు పెట్టె మన ఇంటనే కలదు. పూర్వము మంచుదిమ్మెలు పట్నమునుండి పల్లెకు రంపపు పొట్టులోను ఊకలోను కప్పుకొని వచ్చెడివి. పొడి ఊకలో గాలి నిలిచి యుండుటచే అదియు వేడిని అడ్డగించును. థర్మాకోల్ అంత గట్టిగా అడ్డగింపలేదు గనుక మందము పెంచవలెను. మూడంగుళముల పొడి ఊక గోడ, అంగుళపు థర్మాకోల్ గోడకు తీసిపోదు. పైన చెక్క, లోపల స్టెయిన్‌లెస్ రేకు, నడుమ మూడంగుళముల సందు ఉండునట్లు వడ్రంగిచేత పెట్టె చేయించి, రెండు రోజులు ఎండబెట్టిన ఊకను సందులో కొద్దిగా అదిమి నింపవలెను. మూతకు కూడ అంతే మందము ఉండవలెను. మూత పలుచగా చేసి పెట్టెను తప్పుపట్టినవారిని చూచితిని. అడుగున బిరడా గల రంధ్రము ఒకటి పెట్టినచో కరిగిన నీరు పోవును. చేప ఆ నీటిలో నానరాదు.

మంచు ఎంత కావలెనో లెక్క తెలిసియుండుట మంచిది. ఒక కిలో మంచు కరుగుటకు 80 కిలోకేలరీల వేడి తీసికొనును. 30 డిగ్రీలలో నున్న 10 కిలోల చేపను సున్న డిగ్రీకి తెచ్చుటకు తీయవలసిన వేడి సుమారు 255 కిలోకేలరీలు. అనగా 3 కిలోల పైచిలుకు మంచు ఒక్క చల్లార్చుటకే సరిపోవును. తక్కినది దారిలో గోడలగుండ వచ్చు వేడికి. వేసవిలో దూర ప్రయాణమునకు చేప ఎంతో మంచు అంత వేయుమనుట ఇందువలననే. చెరువు గట్టున నీడలో, మంచు కలిపిన నీటిలో చేపను ముందే చల్లార్చి నీరు వార్చి పెట్టెకెత్తినచో, పెట్టెలోని మంచు అంతయు దారికే మిగులును. ఎండలో గంటసేపు పోగువేసి పిదప పెట్టెలో పెట్టువాడు ఏ పెట్టె వాడినను ఒకటే.

కూరగాయలకు, ఆకుకూరలకు మంచుపెట్టె అక్కరయే లేదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు రూపొందించిన ఇటుక చల్లగది చాలును. 165 సెంటీమీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల వెడల్పున ఇటుకలు పరచి, చుట్టును 67.5 సెంటీమీటర్ల ఎత్తున రెండు వరుసల గోడ కట్టి, నడుమ 7.5 సెంటీమీటర్ల సందులో ఇసుక పోసి, ఉదయము సాయంత్రము తడుపవలెను. పైన తడి గోనె మూత, దానిపై పందిరి ఉండవలెను. ఎండాకాలములో బయటికన్న 10 నుండి 15 డిగ్రీలు చల్లగా నుండును. తెలంగాణ, రాయలసీమల పొడిగాలిలో ఇది చక్కగా పనిచేయును. కోస్తా ఉక్కపోతలో చల్లదనము తగ్గును.

ఊకపెట్టెకు గల లోపము బరువు. ధరయు ఎక్కువ. దాని ఖర్చు తిరిగి వచ్చుట అది తిరిగి వచ్చుటపై ఆధారపడి యున్నది. గోళీసోడా సీసాకు ధరావతు పుచ్చుకొనినట్లు, పెట్టెకు కూడ సంతలోని వ్యాపారివద్ద ధరావతు పుచ్చుకొని, పెట్టె తెచ్చి యిచ్చినపుడు వాపసు చేయవలెను. పదిమంది రైతులు కలిసినచో పెట్టెలపై ఊరిపేరు వ్రాయించి, సంతనుండి మరలివచ్చు ఆటోలో వట్టి పెట్టెలు వేయించుకొనవచ్చును.

2016 నిబంధనలు ప్లాస్టిక్ చెత్త బాధ్యతను గ్రామ పంచాయతీలపై కూడ ఉంచినవి. కాలువ గట్టున థర్మాకోల్ పారవేయరాదని ముందు తీర్మానించి, ఊరి చేపల రైతులకు ఒక పంటకాలము గడువిచ్చుట మంచిది. పశువుల టీకాలు తెచ్చు పెట్టెల జోలికి పోవలదు. అనేక టీకాలు 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండవలెను. ఆ పెట్టెలను పశువైద్యశాలకు తిరిగి అప్పగించిన చాలును.

ఊకపెట్టెను వాడిన ప్రతిసారి లోపల కడిగి, మూత తీసి నీడన ఆరబెట్టవలెను. సందులోనికి నీరు దిగినచో ఊక ముద్దగట్టి చల్లదనము నిలువదు, బూజు వాసన వచ్చును. అట్టి ఊకను తీసి పెంటకుప్పలో వేసి, కొత్త ఊక నింపుకొనవలెను.